ఒక్క ఆదివారంలో ఆఫ్రికా సింహం: వరంగల్ పద్ధతి

దూడ చచ్చిపోతే పాలిచ్చే బర్రె కోసం మన పల్లెల్లో ఏం చేసేవాళ్లో తెలుసు కదా. దూడ తోలు ఒలిచి, అందులో గడ్డి కూరి, కుట్టి, బర్రె ముందు నిలబెట్టేవాళ్లు. బర్రె దాన్ని నాకుతుంది, పాలు చేపుతుంది. ఆ గడ్డిదూడకు కళ్లుండవు, కాళ్లు వంకర, తోక ఊగదు. కన్నతల్లే నమ్మింది. ఇక ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర నిలబడి సెల్ఫీ దిగే పెళ్లివాళ్లు నమ్మరా? చచ్చిన జంతువు తోలుతో బొమ్మ చేసే టాక్సిడెర్మీ విద్య అంతా ఇంతే. సింహమైనా, చీతా అయినా, జీబ్రా అయినా, ఇంపాలా అయినా గడ్డిదూడ దగ్గర ఆగండి. అంతకు మించి పడే కష్టమంతా దండగ.

1. ఆఫ్రికా తోలు జోలికి పోకండి. చిరుతపులి, చీతా వన్యప్రాణుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలో ఉన్నాయి. పర్మిట్లు, కస్టమ్స్, అటవీ శాఖ అంటూ చెప్పులరిగేలా తిరగాలి. మటన్ షాపుకు వెళ్లండి. సింహానికి ఎర్ర మేకతోళ్లు నాలుగు చాలు. చీతాకు మూడు. జీబ్రాకు తెల్లమేక మీద నల్ల పెయింటు. బక్రీద్ మర్నాడు వెళ్తే ఇంకా చవక. అతుకులు కడుపు కిందికి వచ్చేలా కుట్టండి. వీపు మీదికి వచ్చాయా, కొట్లాటలో తగిలిన గాయమని చెప్పండి.

2. ఉప్పు పట్టించకండి. చాదస్తపు పనివాళ్లు తోలుకు అంటిన కండ, కొవ్వు పూర్తిగా గీకి, వెంటనే కల్లుప్పు రుద్ది, మర్నాడు దులిపి మళ్లీ రుద్దుతారు. ఆ తర్వాత పటిక, ఊరబెట్టడం, పదును చేయడం అంటూ రోజులు గడిపేస్తారు. మీరు తోళ్లను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి పక్కన పెట్టి సినిమాకు వెళ్లండి. మన ఊరి మే నెల ఎండకు సాయంత్రానికల్లా చెయ్యి పెడితే గుప్పెడు వెంట్రుకలు ఊడొస్తాయి. భయపడకండి, ఇది వరం. ఇంకా తొందరగా కావాలంటే సున్నం నీళ్లలో ముంచండి. తోళ్ల పని చేసేవాళ్లు తంగేడు బెరడులో వేసేముందు జుట్టు తీయడానికి చేసేది అదే.

జుట్టు లేని సింహాన్ని ఎవరు కొంటారని అడుగుతారు. కెన్యాలో రైలు వంతెన కట్టే కూలీలను, అందులో మన దేశంవాళ్లనే ఎక్కువగా, చంపి తిన్న సావో సింహాలు రెండూ మగవే. రెండింటికీ జూలు లేదు. ఆ వంతెన పని చూసే ప్యాటర్సన్ అనే ఇంజనీరు 1898 డిసెంబరులో వాటిని కాల్చాడు. మీ సింహానికి బోర్డు రాయండి: సావో సింహం, మగది. జూలు అతికించే రెండు రోజుల పని తప్పింది.

3. కొలతలు తీయకండి. టేపు ఉంటే అమ్మేయండి. కార్ల్ అకేలీ అనే అమెరికా ఆయన ఎముకలు నిలబెట్టి, వాటి మీద మట్టితో ఒక్కో కండరం, ఒక్కో నరం దిద్ది, దాన్నుంచి అచ్చు తీసి, అప్పుడు తోలు తొడిగేవాడు. మైసూరులో వాన్ ఇంగెన్ వాళ్లు 1900 నుంచి దాదాపు నూరేళ్లపాటు కాగితపు గుజ్జు అచ్చుల మీద పులులు చేశారు. మనకు ఎనుమాముల మార్కెట్ ఉండగా ఆ బాధ ఎందుకు? కింద రాలిన పత్తి ఏరుకోండి, రైస్ మిల్లు నుంచి ఊక రెండు బస్తాలు తెచ్చుకోండి. పత్తి తలలోకి, ఊక పొట్టలోకి. తోలు బిగిసేదాకా కాలితో తొక్కండి. పొట్ట ఎక్కువ ఉబ్బితే అప్పుడే తిని కూర్చున్నదనండి. తోలు ఎండి ముడుచుకుపోయి చిన్నదైతే మళ్లీ సావోనే చూపించండి. ప్యాటర్సన్ ఆ తోళ్లను పాతికేళ్లు నేల మీద పరుచుకున్నాడు. 1924లో షికాగో ఫీల్డ్ మ్యూజియం ఐదు వేల డాలర్లకు కొని బొమ్మలు చేయిస్తే అవి అసలు సైజు కంటే చిన్నగా వచ్చాయి. ఈనాటికీ జనం చూడ్డానికి వెళ్తూనే ఉన్నారు.

4. కళ్లకు గోలీసోడా గోలీలు వాడండి. వేటాడే జంతువుకు కళ్లు ముందుకు, గుండ్రని పాపతో ఉంటాయట. జింకకు పక్కలకు, అడ్డంగా సాగిన పాపతో ఉంటాయట. రెండింటికీ ఒకటే గోలీ, ఫెవికాల్ చుక్క వేసి నొక్కండి. పళ్లకు సుద్దముక్కలు, నాలుకకు ఎర్ర రెక్సిన్.

ధైర్యం చాలకపోతే స్వీడన్ సింహాన్ని తలుచుకోండి. 1731లో అల్జీరియా నుంచి స్వీడన్ రాజుకు బతికున్న సింహం కానుకగా వచ్చింది. అది చచ్చాక బొమ్మ చేశారు. రెండు కళ్లూ ముక్కు మీదికి వచ్చాయి, నాలుక పక్కకు వేలాడింది, నవ్వొచ్చే మొహం. గ్రిప్స్‌హోమ్ కోటలో ఇప్పటికీ ఉంది. బాగా కుదిరిన బొమ్మలు ఎన్నో ఉన్నాయి, ఒక్కదాని పేరు చెప్పండి చూద్దాం.

5. పేరు తెలుగులో రాయండి. ఇందులో మన భాష చేసిన మేలు అంతా ఇంతా కాదు. చీతాకు నిండు చుక్కలు, కంటి మూల నుంచి నోటిదాకా నల్లటి కన్నీటి చార. చిరుతపులికి గులాబీ రేకుల్లాంటి మచ్చలు. మీరు సోడామూతను నల్లరంగులో ముంచి అద్దుకుంటూ పోండి, కింద ‘చిరుత’ అని రాయండి. పేపర్లు రెండింటినీ అలాగే రాస్తాయి. అలాగే ఇంపాలా, గజెల్, దుప్పి, అన్నీ జింకలే. హైదరాబాద్ జూలో సౌదీ రాకుమారుడు ఇచ్చిన చీతాల్లో చివరిదైన అబ్దుల్లా 2023 మార్చిలో పోయింది. పక్కన పెట్టి పోల్చి చూద్దామన్నా మన దగ్గర ఎవరికీ అవకాశం లేదు. మీరు కూడా హంటర్ రోడ్డు జూకు వెళ్లి ఏ జంతువునూ పరిశీలించకండి. చూస్తే తేడా తెలుస్తుంది, తెలిస్తే దిద్దాలనిపిస్తుంది.

6. వేట సీను పెట్టండి, రెట్టింపు డబ్బు వస్తుంది. సింహం పెద్దదిగా, జింక కుక్కపిల్లంత ఉండాలి. గణపురం కోటగుళ్లలో కాకతీయుల శిల్పి సింహం కింద ఏనుగును ఎంత చిన్నగా చెక్కాడో వెళ్లినవాళ్లకు తెలుసు. అప్పగించేది రాత్రి పూట, లైట్లు తక్కువున్నప్పుడు. హన్మకొండలో ఒక ఫంక్షన్ హాలు ఓనరుకు నేను అలాగే అప్పగించాను.

“ఏంది తమ్మీ, వాసనొస్తంది?”

“సింహం వాసన సేటు. అడవిల గిట్లనే ఉంటది.”

“మేక లెక్క ఉంది గదా.”

“ఆఫ్రికాల కరువు సేటు. గట్లనే బక్కగయినయి.”

ఈ నాలుగు మాటలు బట్టీ పట్టండి. బ్యాలెన్సు పైకం ఆ రాత్రే తీసుకోండి. తెల్లారి ఫోన్ స్విచాఫ్.

7. పురుగు పడితే కారం చల్లండి. ఎలుకలు ఊక కోసం వస్తాయి, వాటికి బోర్డు అక్కర్లేదు.

8. కాగితాలు దాచకండి, అసలు రాయనే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం టాక్సిడెర్మిస్టు వ్యాపారానికి లైసెన్సు అడుగుతుంది. ఫారెస్టు సారు వస్తే “మేకతోలు సార్” అనండి. కొన్నవాడు వస్తే “అసలు సింహం సేటు” అనండి. ఇద్దరూ ఒకేసారి వస్తే ఊరికి వెళ్లండి. మేనమామల ఊరైతే నెల రోజులు ఎవరూ ఏమీ అనరు.

అకేలీ ఆఫ్రికా జంతువుల కోసం తిరిగి తిరిగి 1926లో కాంగో కొండల్లోనే కన్నుమూశాడు. ఆయన తలపెట్టిన మ్యూజియం హాలు న్యూయార్కులో తెరుచుకునేసరికి 1936 వచ్చింది. మీరు ఆదివారం పొద్దున తోలు తెచ్చుకోండి. సోమవారం టిఫిన్ వేళకు సింహం గుమ్మంలో నిలబడి ఉంటుంది.