చాట్‌లో ఇంటర్వ్యూ: గైడు ఒప్పుకోని సలహాలు

కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లిన ఆడవాళ్ల మీద ప్రాజెక్టు చేస్తున్న పీజీ విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. మీ గైడుకు చూపిస్తే సగం కొట్టేస్తారు. అయినా ఇలాగే చేయమంటాను.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు నుంచి ఎంతోమంది కువైట్, మస్కట్, దుబాయ్, బహ్రెయిన్ ఇళ్లలో పనికి వెళ్లారు. వాళ్ల కష్టసుఖాలు వాళ్ల మాటల్లోనే కావాలంటే మన చేతిలో ఉన్నది వాట్సాప్. పరిశోధన పాఠాల్లో చాట్‌ది చివరి వరస: ముఖం కనపడదు, గొంతు వినపడదు, జవాబు పొట్టిగా వస్తుందని. కానీ చాట్ ఇంటర్వ్యూ నిన్నమొన్నటిది కాదు. అమెరికా పరిశోధకురాలు అనెట్ మార్కమ్ 1998లో వేసిన ‘లైఫ్ ఆన్‌లైన్’ పుస్తకానికి ఇంటర్వ్యూలు అలా టైపు చేస్తూ చేసినవే. నా మాట ఇంకాస్త గట్టిది. వీడియో కాల్ దొరికినా వద్దు, చాటే చేయండి. యూఏఈలో వాట్సాప్ కాల్ ఎటూ కలవదు, మెసేజ్ వెళ్తుంది. అసలు కారణం అది కాదు. యజమాని ఇంట్లో పైకి మాట్లాడితే పక్కగదికి వినపడుతుంది. టైపు చేస్తే వినపడదు. సెలవుకు రాజోలు వచ్చినా అంతే. అరుగు మీద అత్తగారు కూర్చుని ఉండగా నోరు విప్పలేని మనిషి, పెరట్లో నిలబడి ఫోన్లో రాయగలదు.

గంటలో ముగించాలని కూర్చోకండి. మీరు మాట్లాడే ఆవిడ తీరిక తన చేతిలో ఉండదు. కువైట్‌లో ఇంటిపనివాళ్ల చట్టం 2015లో వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవివ్వాలి అంటుంది. అమలు మాత్రం ఇంటి తలుపుల వెనక, యజమాని దయ. అక్కడ రాత్రి పదకొండింటికి ఆవిడ చేతికి ఫోన్ వస్తే మనకు ఒంటిగంటన్నర. సాయంత్రం ఒక్క ప్రశ్న పెట్టి పడుకోండి. జవాబు రెండు రోజులకు వచ్చినా రానివ్వండి. మీ ఫోన్లో నీలం టిక్కులు ఆపేయండి. అప్పుడు ఆవిడ చూసిందో లేదో మీకూ తెలియదు. చూసి కూడా రాయలేదే అన్న అసహనం మొదలైతే, అది మీ తరవాతి ప్రశ్నలో కనపడిపోతుంది.

ప్రశ్నల పట్టిక పక్కన పెట్టండి. ‘మీ పని పరిస్థితులు ఎలా ఉన్నాయి?’ అని అడిగితే ‘బాగానే ఉందండి’ అని వస్తుంది. అక్కడితో సరి. ‘పిన్నిగారూ, ఇవాళ లేవగానే ముందు ఏం చేశారు?’ అని అడగండి. పిల్లాడి పాలసీసా, నిన్నరాత్రి అతిథులు వదిలిన గిన్నెలు, మేడమెట్లు తుడవడం ఒకటొకటిగా వస్తాయి. ‘తర్వాత?’ అని మాత్రం రాయండి. జీతం ఎన్ని దినార్లో, ఇంటికి ఎంత పంపుతోందో, ఎవరి అప్పు తీరుస్తోందో మీరు అడగక్కర్లేదు, ఆ వరసలోనే వచ్చేస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే అలాగే ఉంచండి. వాయిస్ మెసేజ్ పెడితే వద్దనకండి.

ఆవిడకు రాయడం రాక కూతురో స్నేహితురాలో టైపు చేస్తే ఆ ఇంటర్వ్యూ చెల్లదంటారు. చెల్లుతుంది. టైపు చేసింది ఎవరో అడిగి పైన రాసి పెట్టుకోండి. కూతురి ముందు చెప్పలేనివి కొన్ని ఉంటాయి, అవి మాత్రం అడగొద్దు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది. ఆవిడ ఒక మెసేజ్ పెట్టి, అయిదు నిమిషాలకు తీసేస్తుంది. మీరు అప్పటికే చదివేశారు. మొత్తం ప్రాజెక్టుకు ప్రాణంలాంటి వాక్యం అదే కావచ్చు. మీ నోటుపుస్తకంలోంచి కూడా కొట్టేయండి. సమాచారం పోతుందని గైడు అంటారు, పోనివ్వండి. ఆ రోజు మాటలు అయ్యాక, మిగిలినవి ఆవిడ సరేనంటే మీ దగ్గర భద్రపరచుకుని, ఆవిడ ఫోన్లో చెరిపేయమని చెప్పండి. వాట్సాప్ 2016లో ఎన్‌క్రిప్షన్ పెట్టింది, దారిలో ఎవరూ చదవలేరు. కానీ ఫోనే యజమాని చేతిలోకి వెళ్తే దానివల్ల ఏం లాభం?

వీసా ఎలా వచ్చిందని చాట్‌లో అసలు అడగొద్దు. పదో తరగతి పాసవని వాళ్లకు ఇచ్చే ఇసిఆర్ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలంటే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలి. అందుకే ఏజెంట్ మాట నమ్మి విజిట్ వీసా మీద ఎక్కేసిన వాళ్లున్నారు. అది రాతలో ఉంటే రేపు ఆవిడ మెడకే చుట్టుకుంటుంది. ఆ సంగతి సంక్రాంతికి వచ్చినప్పుడు, ఆవిడ చెప్పదలిస్తే ఎదురుగా వినండి. పనిచేసే ఇంటి ఫొటోలూ అడగకండి. పరాయి ఇంట్లో అనుమతి లేకుండా ఫొటో తీస్తే యూఏఈలో కేసవుతుంది.

జవాబు ఆగిపోతే ‘మాట్లాడటం ఇష్టం లేదు’ అని రాసేయకండి. ఆవిడ సెలవుకు ఊళ్లో ఉంటే నెట్టే ఆగిపోయి ఉండొచ్చు. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మార్పు మీద అల్లర్లు జరిగాక కోనసీమలో రోజుల తరబడి మొబైల్ నెట్ ఆపేశారు. ఆ రోజుల్లో ఎవరి మౌనానికీ వాళ్ల ఇష్టంతో పని లేదు. గోదావరికి వరదొస్తే లంక గ్రామాల్లో కరెంటు పోయి ఫోన్ ఛార్జింగే గగనం. తేదీ వేసి, ఆ వారం ఊళ్లో ఏం జరిగిందో పక్కన రాసుకోండి.

రీఛార్జి డబ్బులు మీరే వేయండి. సమర్పించే ముందు ఆవిడ మాటలున్న పేజీలు తెలుగులో ఆవిడకు పంపండి, చదవలేకపోతే వాయిస్‌లో వినిపించండి. ఏది తీసేయమంటే అది తీసేయండి, థీసిస్ ఒక నెల ఆలస్యమైనా సరే.