స్కాన్ సరే, సుత్తి ఏదీ?

మా రోజుల్లో చేయి సన్నబడిందనో, కాలు ఈడుస్తున్నాననో ఎవరైనా వస్తే, ముందు చొక్కా విప్పించి కూర్చోబెట్టి తీరిగ్గా చూసేవాళ్లం. ఇప్పుడు నువ్వున్నావు నాయనా, రోగి కుర్చీలో సర్దుకునేలోపే ఎంఆర్ఐకి చీటీ రాసి చేతిలో పెడుతున్నావు. ఏ చేయి ముందు బలహీనపడింది, ఎన్నాళ్లయింది, వేడి తగిలితే తెలుస్తోందా? ఒక్కటీ అడగవు. అన్నీ బొమ్మే చెబుతుందని నీ ధీమా. ఆ బొమ్మనైనా వెలుతురుపెట్టెకు తగిలించి చూస్తావా అంటే అదీ లేదు, ఫోనులో తెరిచి రెండు వేళ్లతో సాగదీస్తావు.

మా సామాను ఏపాటిది? ఒక రబ్బరు సుత్తి, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు, గుండుసూది, కాస్త దూది, ఒక గొట్టంలో వేణ్నీళ్లు, ఇంకోదాంట్లో చన్నీళ్లు. అంతే. స్పర్శ ఎక్కడ ఆగిపోయిందో అక్కడ ఒంటి మీద పెన్నుతో గీత గీసేవాళ్లం. ఆ గీతల్ని బట్టి వెన్నుపాములో జబ్బు ఏ మట్టంలో ఉంది, ఏ పక్కన ఉంది, లోపలా బయటా అన్నది తేల్చాలి. తేల్చకుండా గురువుగారి ముందుకు వెళ్తే ఇక ఆ పూట మన పని అయినట్టే.

ఒకసారి ఒక వంటాయన వచ్చాడు. వేళ్ల నిండా కాలిన మచ్చలు, కొన్ని మానినవి, కొన్ని ఇంకా పచ్చివి. ఎప్పుడు కాలాయయ్యా అంటే, తెలియలేదండీ అన్నాడు. కళ్లు మూయించి దూదితో తాకితే ఠక్కున చెబుతున్నాడు. సూది గుచ్చినా, వేణ్నీళ్ల గొట్టం ఆనించినా చలనం లేదు. రెండు చేతులూ భుజాలూ కలిపి, చొక్కా కప్పినంత మేర అదే తంతు. గురువుగారు ఒక్క ఎక్స్‌రే కూడా అడక్కుండానే సిరింగోమైలియా అన్నారు. వెన్నుపాము నడిమధ్యన నీటితిత్తి పెరుగుతోంది. నొప్పినీ వేడినీ మోసే తీగలు ఇటు నుంచి అటు దాటేది సరిగ్గా అక్కడే, గనక అవి తెగాయి. స్పర్శను మోసేవాటిలో ఎక్కువ భాగం వెనక దారిన పోతాయి, గనక అవి మిగిలాయి. ఆ ఒక్క మధ్యాహ్నం నేర్చుకున్నది నాకు ఇప్పటికీ అన్నం పెడుతోంది.

అసలు వెన్నుపాము అంటే ఎంతని? చిటికెన వేలంత మందం, మగవాళ్లలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవు. అడ్డంగా కోస్తే మధ్యలో సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు గ్రే మేటర్, దాని చుట్టూ వైట్ మేటర్. ముందు కొమ్ముల్లో కండరాలను కదిపే కణాలు, వెనక కొమ్ముల్లో స్పర్శనూ నొప్పినీ అందుకునేవి. 1952లో స్వీడన్‌లో బ్రోర్ రెక్సెడ్ అనే ఆయన పిల్లి వెన్నుపామును పలచగా కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఈ గ్రే మేటర్‌ను పొరలు పొరలుగా విడదీశాడు. ఆ పొరల్ని మేం కంఠతా పట్టాం. కానీ మేం చూసిందంతా శవాల్లోనే, గాజుపలకల మీదే. బతికున్న మనిషిలో చూడటమనే మాటే లేదు.

ఎక్స్‌రేలో ఎముక తప్ప ఇంకేమీ కనిపించదు. మహా అయితే మైలోగ్రాం. నడుములో సూది పెట్టి మయోడిల్ అనే నూనెమందు ఎక్కించి, రోగిని బల్లకు కట్టి, తల కిందికి వచ్చేలా బల్లను వాల్చాలి. నూనె మెల్లగా జారుతూ ఎక్కడ ఆగితే అక్కడ అడ్డం ఉన్నట్టు. ఆ నూనె కొందరిలో ఏళ్ల తరబడి లోపలే ఉండిపోయి, నరాల చుట్టూ పొరలు అతుక్కుపోయేలా చేసింది. అది పోయినందుకు నాకేం బెంగ లేదు. పోనీ, అంత కష్టపెట్టినా తెలిసేది వెన్నుపాము అంచే గానీ లోపలి సీతాకోకచిలుక కాదు.

ఇప్పుడు మీకది బతికున్న మనిషిలో కనిపిస్తోంది. 3 టెస్లా యంత్రం అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 60,000 రెట్లు. మామూలు బొమ్మల్లో గ్రే, వైట్ సరిగ్గా విడిపడవు. దానికోసం మెడిక్, మెర్జ్, పీఎస్ఐఆర్ అని వేరే పద్ధతులు కనిపెట్టారు. మెడ దగ్గర గ్రే మేటర్ అంతా కలిపి 20 చదరపు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. రోగి ఊపిరి తీసినా, గుటక వేసినా, చుట్టూ ఉన్న నీరు గుండెతో పాటు కొట్టుకున్నా బొమ్మ చెదురుతుంది. అయినా పట్టుకున్నారు. 2014లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు, మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల్లో మెడ దగ్గరి గ్రే మేటర్ ఎంత తరిగితే వైకల్యం అంత ఎక్కువగా ఉందని చూపించారు. ఇంత సణిగే నేనే అలాంటి బొమ్మ దొరికితే కళ్లజోడు సర్దుకుని గంటసేపు చూస్తాను. మా వార్డుల్లో పోలియో పిల్లల కాళ్లు చచ్చుబడింది ఆ ముందు కొమ్ముల కణాలు పోయే. ఆ పిల్లల తల్లులకు అప్పట్లో వేలుపెట్టి చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు. మన దేశంలో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. ఆ వార్డు ఖాళీ అవడం కంటే గొప్ప మార్పు నేను చూడలేదు.

కానీ నా గొడవ వేరే. ఈ మధ్య ఒక కుర్రాడు వచ్చాడు. కుడి అరచెయ్యి సన్నబడింది, ముంజేయి లోపలి వైపు గుంట పడింది, బొటనవేలి వైపు కండ మాత్రం గట్టిగానే ఉంది. చలికాలంలో వేళ్లు మొరాయిస్తాయట. చేతిలో మందపాటి కవరు. మెడ ఎంఆర్ఐ తీయించారు, చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. మెడ నిటారుగా పెట్టి తీస్తే ఎక్కడ కనిపిస్తుంది నాయనా? జపాన్‌లో హిరయామా 1959లోనే చెప్పిన జబ్బు ఇది. తల వంచినప్పుడు వెనక పొర ముందుకు జరిగి వెన్నుపామును నొక్కుతుంది, ముందు కొమ్ములకు రక్తం చాలదు. మెడ వంచి మళ్లీ తీయించాం, దొరికింది. మెడకు పట్టీ వేశాం. ఆ చెయ్యి పట్టుకుని చూసిన వాడికే మెడ వంచమని తోస్తుంది, యంత్రానికి తోచదు.

అందుకని రేపటి నుంచి ఒక పని చెయ్యి. ఎవరి రిపోర్టైనా తెరిచే ముందు, నీ చేత్తో పరీక్ష చేసి, జబ్బు ఏ మట్టంలో, ఏ పక్కన, గ్రేలోనా వైట్‌లోనా అన్నది కేసుషీటు మీద రాసిపెట్టు. తర్వాత బొమ్మ తెరిచి సరిచూసుకో. కలవకపోతే బొమ్మే నిజమని సరిపెట్టుకోకుండా రోగి దగ్గరికే మళ్లీ వెళ్లు. సుత్తి లేదని మాత్రం నాకు చెప్పకు. బజార్లో దొరుకుతుంది, కొనుక్కో.