మచ్చుకు ఒక మచ్చు

కన్నడంలో మచ్చు అంటే మన వేటకొడవలికి వరసకు తమ్ముడయ్యే కత్తి. తెలుగులో మచ్చు అంటే నమూనా. బియ్యం కొట్లో బస్తాలోంచి గుప్పెడు తీసి చూపిస్తారే, అది. రెండు భాషల నడుమ బతికే బెంగళూరు తెలుగువాడికి ఈ రెండు మచ్చులూ 2025 మార్చిలో ఒకే వార్తలో ఎదురయ్యాయి. బిగ్ బాస్ కన్నడతో పేరు తెచ్చుకున్న ఇద్దరు కుర్రాళ్లు, ఒకరు పుష్ప వేషంలో, ఇంకొకరు కన్నడ నటుడు దర్శన్ పాత సినిమా వేషంలో, మచ్చు పట్టుకుని ఠీవిగా నడిచొస్తూ రీల్ తీసుకున్నారు. పట్టుమని 20 సెకన్లు లేదు. బసవేశ్వరనగర పోలీసులు ఆయుధాల చట్టం కింద కేసు పెట్టి పిలిపిస్తే, ఇది ఫైబర్‌దండీ అని ఒక మచ్చు తెచ్చి చూపించారు. పోలీసులు ఇంటికి పంపారు. తర్వాత రీల్‌లో ఉన్న మచ్చునూ తమ చేతికొచ్చిన మచ్చునూ పోల్చి చూసుకుని, ఇది అది కాదంటూ మళ్లీ అరెస్టు చేశారు. ఈసారి సాక్ష్యం మాయం చేశారన్న ఆరోపణ కూడా జోడించారు. తప్పెవరిదో తేల్చాల్సింది కోర్టు, ఆ జోలి మనకొద్దు. కానీ ఏళ్ల తరబడి మనం సోఫాలో కూర్చుని ఒకరినొకరం అడుగుతున్న ప్రశ్న, ఇది నిజమా ఉత్తుత్తిదా అన్నది, ఎట్టకేలకు పోలీస్ స్టేషన్ బల్ల మీదికి వచ్చింది. వచ్చిన జవాబు రియాలిటీ టీవీ మొత్తానికీ మచ్చుగా పనికొస్తుంది. ప్రకటనలిచ్చేవాడు వస్తే ఇక్కడ అంతా నిజం. పోలీసు వస్తే అంతా ఫైబర్.

సినిమాల్లో కత్తులు లేవా, ఈ పిల్లల మీదే పడ్డారేం అని వెంటనే ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1995లో ఉపేంద్ర తీసిన ఓం సినిమాతో కన్నడ తెర మీద లాంగు అనే పొడవాటి కత్తి, మచ్చు రాజ్యమేలడం మొదలైంది. శివరాజ్‌కుమార్ కథానాయకుడు. అందులో బెంగళూరు నేరలోకంలో నిజంగా పేరుమోసిన రౌడీలు కొందరు రౌడీలుగా కనిపిస్తారు. తమాషా చూడండి. నేను కట్టుకథనని టికెట్ మీదే ఒప్పుకున్న సినిమా అసలు రౌడీలను తెచ్చి నిలబెట్టింది. మేం మేమే, మాకు నటన రాదు అని వంద రోజులు చెప్పి ఓట్లు అడిగిన రియాలిటీ వీరులు మాత్రం స్టేషన్‌లో, అయ్యా మేం నటించాం, కత్తి బొమ్మది అన్నారు. సినిమావాడు అబద్ధం అమ్ముతానని చెప్పి అబద్ధమే అమ్ముతాడు, తూకంలో మోసం లేదు. రియాలిటీవాడు నిజమని చెప్పి డబ్బు తీసుకుంటాడు, బిల్లు అడిగితే వినోదం అని రాసిస్తాడు.

ఈ నిజం ఎలా తయారవుతుందో ఒకసారి చూద్దాం. బిగ్ బాస్ ఇంట్లో 60 కెమెరాలున్నాయనుకోండి. రోజుకు 24 గంటల చొప్పున 1,440 గంటల బొమ్మ. రాత్రి మన కంచంలో పడేది, ప్రకటనలు తీసేస్తే, గంటకు అటూ ఇటూ. మిగతా 1,439 గంటలు పారబోస్తే తేలింది రియాలిటీ. శిల్పి కూడా రాయి చెక్కి పారేసే కదా బొమ్మ తీస్తాడు అంటారేమో, నిజమే. కానీ ఈ బొమ్మ కొండలో ఇలాగే పుట్టింది, నేను దుమ్ము దులిపానంతే అని ఏ శిల్పీ చెప్పుకోడు. పైగా ఇక్కడ చెక్కడమే కాదు, అతకడం కూడా ఉంది. సోమవారం మధ్యాహ్నం సాంబార్లో ఉప్పెక్కువై ఒకామె మొహం చిట్లిస్తుంది. గురువారం రాత్రి ఇంకొకామె ఊళ్లో ఉన్న బిడ్డను తలుచుకుని ఏడుస్తుంది. ఆ ఏడుపు పక్కన ఈ మొహం పెడితే చాలు, శనివారానికి మొదటామె రాతిగుండె మనిషి. ఆదివారం ఆవిడ ఇంటిపేరు కూడా వదలకుండా ఫోన్లలో తిట్లు. మాటలూ అంతే. మూడు వేర్వేరు వాక్యాల ముక్కలు కలిపి మనిషి ఎన్నడూ అనని నాలుగో వాక్యాన్ని అతని గొంతుతోనే అనిపించే పనితనానికి అమెరికా ఎడిటింగ్ గదుల్లో పేరే ఉంది, ఫ్రాంకెన్‌బైట్ అని. శవాల ముక్కలతో రాక్షసుణ్ణి కుట్టిన ఫ్రాంకెన్‌స్టైన్ కథలోంచి తీసుకున్న పేరు. పని చేసేవాళ్లకు తమ పని మీద భ్రమలేమీ లేవన్నమాట. భ్రమ కొనుక్కునేవాళ్లకే. ఇదంతా అయ్యాక వారాంతంలో వ్యాఖ్యాత వచ్చి, నువ్వు ఆ రోజు మొహం ఎందుకు చిట్లించావమ్మా అని పంచాయితీ పెడతాడు. కన్నడంలో ఆ పెద్దమనిషి సుదీప్, ఈగ సినిమాలో మన ఈగను పీడించినవాడే. తెలుగులో నాగార్జున. సాంబారు సంగతి ఇద్దరిలో ఎవరికీ తెలిసే దారి లేదు.

నెదర్లాండ్స్‌లో 1999లో బిగ్ బ్రదర్‌గా పుట్టి, 2006లో హిందీకి, 2013లో కన్నడానికి, 2017లో తెలుగుకు వచ్చిన ఈ ఇంటికి ఒక మూలసూత్రం ఉంది. బయటి ప్రపంచం లోపలికి రాకూడదు. కానీ బెంగళూరులో ఆ ఇంటి చరిత్ర చూస్తే, నిజం అనదగ్గది ఎప్పుడు జరిగినా ఆ సూత్రం తెగినప్పుడే జరిగింది. 2023 అక్టోబర్‌లో, పదో సీజన్‌లో, హళ్లికార్ జాతి ఎడ్లతో పేరుపొందిన వర్తూరు సంతోష్ మెడలో పులిగోరు కనబడింది. ప్రేక్షకులు గొలుసు చూశారు, అటవీ శాఖవాళ్లు గోరు చూశారు. నేరుగా ఆ ఇంటికే వచ్చి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆయన్ని అరెస్టు చేసి తీసుకెళ్లారు. ఎలిమినేషన్ అంటే అది. ఓట్లు లేవు, నామినేషన్ లేదు, బ్రేక్ తర్వాత చెబుతానన్న వ్యాఖ్యాతా లేడు. బెయిలొచ్చాక ఆయన తిరిగి ఆ ఇంట్లోకే వెళ్లారు, అది వేరే ముచ్చట. ఈలోగా బయట ఇంకో షో మొదలైంది. ఫలానా నటుడి మెడలో కూడా పులిగోరుంది, ఫలానా నాయకుడి కొడుకు మెడలోనూ ఉంది అని పాత ఫోటోలు బయటికొచ్చాయి, అధికారులు ఇళ్లకు వెళ్లారు. మాది నకిలీదండీ అనే జవాబు వినబడసాగింది. ఒంటి మీది నగ గిల్టుదని తెలిస్తే తలదించుకునే దేశంలో, మాది ప్లాస్టిక్ అని చెప్పుకోవడం గౌరవమైపోయింది. ఆ సీజన్ మొత్తంలో ఇది అసలుదా నకిలీదా అని ప్రభుత్వం పట్టించుకుని పరీక్షకు పెట్టిన వస్తువు ఆ గోరొక్కటే. అది ఏ టాస్కులోనూ లేదు.

మరుసటి ఏడు స్వర్గం, నరకం అని ఇంటిని రెండుగా చీల్చారు. నరకంలో పడ్డవాళ్లకు తిండి విషయంలో, మరుగుదొడ్డి విషయంలో జరుగుతున్నది మనుషులకు చేయదగ్గదేనా అని రాష్ట్ర మహిళా కమిషన్ పోలీసులకు లేఖ రాసింది. యుగయుగాలుగా చెక్కుచెదరని నరకం కొన్నాళ్లకు కనబడకుండా పోయింది. యముడు కూడా నోటీసుకు భయపడతాడన్నమాట! ఇక 2025 అక్టోబర్‌లో బిడది దగ్గర షో నడుస్తున్న స్టూడియోకు కాలుష్య నియంత్రణ మండలి మూసివేత ఉత్తర్వు ఇచ్చింది. తగిన అనుమతులు లేవని, మురుగునీటి శుద్ధి సరిగా లేదని అభియోగం. రెవెన్యూ అధికారులు వచ్చి గేటుకు సీలు వేశారు. గడియారం కూడా చూడనివ్వని ఇంట్లోంచి సభ్యులందర్నీ వాహనాల్లో ఎక్కించి రిసార్టుకు తరలించారు. తర్వాత ఉప ముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ చెప్పడంతో సీలు తీశారు, అందరూ మళ్లీ వచ్చి ఏమీ ఎరగనట్టు పోట్లాటలు కొనసాగించారు. బిగ్ బాస్ ఆదేశిస్తున్నారు అన్న గొంతు వినీ వినీ, ఆ గొంతుకూ ఆదేశాలిచ్చేవాళ్లున్నారని మనం మరిచిపోయాం. ఆ ఇంట్లో తయారయ్యే కోపం, ప్రేమ, కన్నీళ్లు అసలువో కావో కానీ, మురుగు మాత్రం అసలుది.

మన బిగ్ బాస్‌కు పెద్దన్నలు అమెరికాలో ఉన్నారు. అక్కడ తుపాకుల మీదే రియాలిటీ షోలు నడిచాయి. డిస్కవరీ ఛానెల్‌లో 2011లో మొదలైన రెండు షోలు, సన్స్ ఆఫ్ గన్స్, అమెరికన్ గన్స్. ఎవరో విచిత్రమైన తుపాకీ కావాలని వస్తాడు, గడువు దగ్గరపడుతుంది, ఇంటిల్లిపాదీ కీచులాడుకుంటారు, ఆఖర్న తుపాకీ పేలుతుంది, అందరూ కేకలు పెడతారు. తుపాకీనే ఎందుకు ఎంచుకున్నారో ఆలోచిస్తే ఈ విద్య రహస్యం తెలుస్తుంది. పేలుడుకు నటన రాదు. గుమ్మడికాయ తునాతునకలైతే అది నిజంగానే తునాతునకలు. ఆ ఒక్క నిజాన్నీ చివర్లో హామీగా పెట్టి, దానికి ముందు నడిచిన కీచులాటలు, గడువులు, దారిన పోతూ వచ్చినట్టు కనిపించే కొనుగోలుదారులు అన్నిటికీ నమ్మకం సంపాదిస్తారు. కల్తీ నెయ్యి డబ్బాలో పైన ఒక గరిటె అసలు నెయ్యి వేసినట్టు. ఆ తర్వాత సంగతి వినండి. అమెరికన్ గన్స్‌ను 2012 డిసెంబర్‌లో, శాండీ హుక్ బడిలో పసిపిల్లల మీద కాల్పులు జరిగాక ఆపేశారు. ఆ షోలో కనిపించిన తుపాకుల దుకాణం యజమాని లైసెన్సు లేకుండా తుపాకుల వ్యాపారం చేశాడని 2017లో జ్యూరీ తేల్చింది, మరుసటి ఏడు ఆరున్నరేళ్ల జైలు పడింది. షోలో తుపాకులన్నీ అసలువే. కోర్టు అడిగింది కాగితం. సన్స్ ఆఫ్ గన్స్ నడిపినవాడు 2014లో అరెస్టయ్యాడు, షో ఆగింది, అత్యాచారం కేసుల్లో 2017లో యావజ్జీవ శిక్ష పడింది. నాలుగేళ్ల పాటు కెమెరాలు ఆ మనిషి చుట్టూ తిరిగాయి. అతని గురించి తెలియాల్సిన ముఖ్యమైన విషయం ఒక్క ఎపిసోడ్‌లోనూ తెలియలేదు.

అసలు పేలుడు చూపించి నాటకాన్ని నమ్మించే ఈ సూత్రాన్ని మన బెంగళూరువాడు తిరగేశాడు. 2024 జులైలో ఒక రీల్స్ కుర్రాడు ఒంటినిండా నకిలీ బంగారం వేసుకుని, ఏకే 47 పోలిన బొమ్మ తుపాకులు పట్టిన అంగరక్షకులను వెంటేసుకుని రోడ్డు మీద ఊరేగితే కొత్తనూరు పోలీసులు అరెస్టు చేశారు. తుపాకీ ఉత్తదే, నగలు ఉత్తవే. చూసి బెదిరిపోయినవాళ్ల భయం మాత్రం ఉత్తది కాదు.

ఇదంతా ప్రేక్షకుడికి తెలియదనుకున్నారా, తెలిసే చూస్తాడు, కుస్తీ పోటీ చూసినట్టు చూస్తాడు అంటారు ఈ షోల న్యాయవాదులు. 2023 డిసెంబర్‌లో తెలుగు ఏడో సీజన్ విజేతను ప్రకటించిన రాత్రి హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియో బయట ఏం జరిగింది? అభిమానులు కార్లమీద పడ్డారు, ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు, రెండు మూడు రోజుల్లోనే విజేత జైలుకెళ్లాడు. అంతా ఆటేనని తెలిసినవాడు సిటీ బస్సు మీద రాయి వేస్తాడా? ఇంకొందరు కాస్త సున్నితంగా అంటారు, సందర్భం అల్లిందే అయినా కన్నీళ్లు నిజమైనవి కదా అని. ఔను, నిజమైనవే. ఫోన్ లాక్కుని, గడియారం తీసేసి, పరాయివాళ్ల మధ్య వారాల తరబడి పడేస్తే ఎవరైనా ఏడుస్తారు. ఉల్లిపాయ తరిగినా అసలు కన్నీళ్లే వస్తాయి, ఇంట్లో చావు జరిగిందని ఎవరూ పరామర్శకు రారు.

నాటకాన్ని నిజమని అమ్మే ఈ రోగం అమెరికావాళ్లకు ముందే వచ్చింది. ట్వంటీ వన్ అనే క్విజ్ షోలో తనకు జవాబులు ముందే అందాయని విజేత చార్లెస్ వాన్ డోరెన్ 1959లో అమెరికా కాంగ్రెస్ విచారణలో ఒప్పుకున్నాడు. 1960లో అలాంటి పోటీల్లో గెలుపోటములు ముందే కుదర్చడం నేరమని చట్టం చేశారు. వాళ్లకూ దురద పూర్తిగా పోలేదనుకోండి. పాత గోదాముల వేలం మీద నడిచే స్టోరేజ్ వార్స్‌లో నిర్మాతలే విలువైన వస్తువులు ముందుగా పెట్టిస్తున్నారని అందులో పాల్గొన్నవాడే 2012లో దావా వేశాడు. ఛానెల్ తరఫు వాదన ఏమిటో తెలుసా? ఇది మా భావప్రకటనా స్వేచ్ఛ అని. అందులో కొంత భాగాన్ని న్యాయమూర్తి ఒప్పుకున్నారు కూడా. టీవీలో రియాలిటీ, కోర్టులో కవిత్వం. మన దగ్గర అడిగేవాళ్లు లేరు కాబట్టి కవిత్వం దాకా పోవాల్సిన అవసరం రాలేదు.

పోనీ, ఓట్లయినా అసలువి కావా అంటారా? కావచ్చు. కన్నడ పదకొండో సీజన్ ముగింపులో, 2025 జనవరిలో, విజేతకు 5 కోట్ల 23 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయని వేదిక మీద ప్రకటించారు. మనిషికొక ఓటు అన్న నియమం అక్కడ లేదు. 2023 అసెంబ్లీ ఎన్నికల నాటికి కర్ణాటకలో నమోదైన ఓటర్లు, పడుచువాళ్లూ పండుముసలివాళ్లూ అందరూ కలిపి, సుమారు 5 కోట్ల 30 లక్షలు.