వేళ్ళ మధ్య తిరగాలి నేను

నేను పాత బుల్లెట్ 350 ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ పుష్‌రాడ్‌ని. ఒళ్ళు అల్యూమినియం, రెండు కొనలూ ఉక్కు. బోరులోనే పోతపోసిన సన్నటి సొరంగంలో నిలబడి ఉంటాను. కింద క్యామ్ తిరిగితే టాపెట్ లేస్తుంది, టాపెట్ నన్ను లేపుతుంది, నేను రాకర్‌ని లేపుతాను, రాకర్ రెండో కొన వాల్వును కిందికి నొక్కుతుంది. కాలిన పొగ బయటికి పోతుంది. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే నేను 1500 సార్లు లేచి దిగాలి. అంటే సెకనుకి 25 సార్లు. పక్క సొరంగంలో ఉన్న ఇన్లెట్ రాడ్‌దీ ఇదే బతుకు.

మా వంశం ఇంగ్లండులోని రెడిచ్‌ది. 1955లో అక్కడి కంపెనీ మద్రాసు మోటార్స్ వాళ్ళతో కలవగా ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, మద్రాసు పక్కన తిరువొత్తియూరులో బుల్లెట్లు తయారవడం మొదలైంది. పిస్టన్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, మొత్తం 346 సీసీ. ఆ కొలతలు దశాబ్దాల పాటు అలాగే ఉన్నాయి. తర్వాత వచ్చిన యూసీఈ ఇంజిన్లలో హైడ్రాలిక్ టాపెట్లు పెట్టారు. వాల్వు సందు సంగతి అక్కడ ఆయిలే చూసుకుంటుంది. ఇనుప బోరు ఇంజిన్లో పుట్టిన మాకు మాత్రం మనిషి వేళ్ళే దిక్కు.

నా యజమాని గుంటూరు జిల్లాలో ఒక బడి మాస్టారు. బండి కిక్కర్ మీద బిగువు తగ్గి, పొగ ఎక్కువై, విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ పనికి దింపారు. హెడ్ విప్పి, వాల్వు సీట్లు కోసి, పేస్టు రాసి గ్రైండింగ్ చేశారు. తిరిగి బిగించే పని షెడ్డులోని కుర్రాడి చేతికొచ్చింది. మంచి పనితనమున్న పిల్లాడు. మమ్మల్ని తుడిచి, ఎవరి సొరంగంలోకి వాళ్ళని జాగ్రత్తగా దించాడు. హెడ్ పెట్టి నట్లు బిగించాడు. రాకర్లు మిగిలాయి.

రాకర్ బ్లాకుని దాని చోట పెట్టబోతే కూర్చోలేదు. ఒక పక్క ఎత్తుగా నిలిచింది. నా తల రాకర్ని పైకి తంతోంది. ఇన్లెట్ వాడిదీ అదే పరిస్థితి. నట్లతో లాగితే అదే దిగుతుందిలే అనుకుని కుర్రాడు పానా అందుకున్నాడు. ఆ క్షణంలో నాకు కలిగిన భయం చెప్పలేను. బలవంతంగా లాగితే వాల్వు స్ప్రింగు భారమంతా నా నడుం మీద పడుతుంది. నేను వంగినా వంగుతాను, లేదా అల్యూమినియం హెడ్‌లోంచి స్టడ్డు మరతో సహా ఊడొస్తుంది.

"ఆగరా! పిస్టన్ ఎక్కడుంది?" అన్నాడు మేస్త్రి.

"పైనే ఉంది బాబాయ్. ప్లగ్గు బొక్క మీద వేలు పెట్టి చూశా, గాలి తన్నింది."

"రాకర్లు పెట్టకముందే చూశావా?"

"అవును."

"రాకర్లు లేకపోతే వాల్వులు తెరుచుకునేదెలా? పిస్టన్ పైకొచ్చిన ప్రతిసారీ గాలి తన్నుతుంది. దాన్ని నమ్ముకుంటే ఎలా?"

ఎంత సరిగ్గా చెప్పాడో! ఫోర్ స్ట్రోకు ఇంజిన్లో క్రాంకు రెండు చుట్లు తిరిగేలోపు పిస్టన్ రెండుసార్లు పైకొస్తుంది. ఒకసారి కంప్రెషన్‌లో, అప్పుడు రెండు వాల్వులూ మూసి ఉంటాయి. ఇంకోసారి నేను వాల్వుని మూస్తూ, ఇన్లెట్ వాడు తెరుస్తూ ఉంటాం. ఆ రెండో చోట ఇద్దరి కిందా టాపెట్లు కాస్త లేచే ఉంటాయి, ఇద్దరమూ బిగుసుకుంటాం. బోరు పక్కన టాపెట్ కవర్ విప్పి చూస్తే టాపెట్లు కళ్ళెదుటే కనిపిస్తాయి. మేస్త్రి ప్లగ్గు తీసి ఉంచి, ఇంజిన్‌ని నిదానంగా ఒక పూర్తి చుట్టు తిప్పించాడు. రెండు టాపెట్లూ అడుక్కి దిగాయి. ఇన్లెట్ వాడు వదులయ్యాడు.

నేను కాలేదు. కారణం గ్రైండింగ్‌లోనే ఉంది. సీటు కోసినకొద్దీ వాల్వు హెడ్‌లోకి ఇంకాస్త లోతుగా కూర్చుంటుంది, దాని కాడ అంత మేర పైకి పొడుచుకొస్తుంది. రాకర్ ఏతం లాంటిది. వాల్వు వైపు లేస్తే నా వైపు కుంగుతుంది. పాత సెట్టింగు నాకిక చాలదు. అందుకే వాల్వు పని చేసిన ఇంజిన్లో బిగింపుకి ముందే మా అడుగున ఉండే అడ్జస్టర్ని బాగా కిందికి దించి పెట్టుకోవాలి. మేస్త్రి దాని లాక్ నట్ వదులు చేసి నన్ను దించాడు. ఇప్పుడు బ్లాకు చేత్తో నొక్కితేనే కూర్చుంది. నట్లు బిగించాక రాకర్ని వేలితో ఆడించి చూశాడు. బ్లాకు మూతలు ఒకదానిదొకటి మారినా రాకర్ పట్టేస్తుంది, ఆ నింద నా మీద పడుతుంది. అవి సరిగ్గానే ఉన్నాయి.

తర్వాత నన్ను రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పుతూ అడ్జస్టర్ని కొద్దికొద్దిగా పైకి తెచ్చాడు. కిందికీ మీదికీ ఆడకూడదు, గుండ్రంగా మాత్రం హాయిగా తిరగాలి. అక్కడ ఆపి, లాక్ నట్ బిగించి, మళ్ళీ తిప్పి చూశాడు. నట్ బిగింపులోనే సెట్టింగు కదిలిపోతుంటుంది.

సాయంత్రం బండి స్టార్టయ్యాక మాస్టారు చెవి ఒగ్గి, "ఆ టకటక కూడా పోయేట్టు చేయండి మేస్త్రి గారూ" అన్నారు. వెనకటికి వేరే ఊళ్ళో ఒకతను అలాగే చేశాడు. శబ్దం పోయేదాకా నన్ను బిగించాడు. వేడెక్కేసరికి నేను వాల్వుని పూర్తిగా మూసుకోనివ్వలేకపోయాను. ఎగ్జాస్ట్ వాల్వు ఒంట్లోని వేడిలో ఎక్కువ భాగం సీటుకి ఆనినప్పుడే దిగుతుంది. ఆనడానికి వీల్లేక, మంట సందులోంచి దూసుకుపోయి, దాని అంచు కాలిపోయింది. పొద్దున స్టార్టయిన బండి వేడెక్కగానే ఆగిపోయేది. ఆ వాల్వు నాతోపాటు ఏళ్ళ తరబడి పనిచేసింది. దాన్ని తీసి చెత్తడబ్బాలో వేశారు.

మేస్త్రి ఒప్పుకోలేదు. "ఆ మాత్రం చప్పుడు ఉండనివ్వండి మాస్టారూ. వాల్వు మూసుకుంటోందని అదే మనకి చెప్పేది" అన్నాడు. ఆ మాట విని నాకు కళ్ళుంటే నీళ్ళొచ్చేవి.

మర్నాడు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు హెడ్ నట్లు మళ్ళీ చూశాడు. కొత్త గాస్కెట్ అణిగింది, నట్లు కాస్త తిరిగాయి. హెడ్ దిగినంత మేరా నేను బిగుసుకున్నాను. మళ్ళీ వదులు చేసి, కవర్ మూసి, ఆయిల్ కారకుండా నట్టుని మోస్తరుగా బిగించి బండి అప్పగించాడు. "కొన్నాళ్ళు తిరిగాక మళ్ళీ తీసుకురండి. ముందురోజు సాయంత్రమే తెచ్చి ఇక్కడ వదిలేయండి మాస్టారూ. వేడి ఇంజిన్ మీద నేను రాడ్లు ముట్టుకోను" అన్నాడు.