శబ్దాన్వేషి

పాత అంబాసిడరు కారు గలవారందరును సామాన్య గృహస్థులే; కాని దాని వెనుక కమానుకట్టలనుండి వెలువడు కిర్రుకిర్రుమను నాదమునకు నిద్రాహారములు మాని, తన్మూలమును కనుగొనువరకు విశ్రమింపనని దీక్ష వహించిన శబ్దాన్వేషి మాత్రము వేరొక జాతివాడు. బెజవాడలో మా వీథియందు అట్టివారొకరు కలరు. పదవీవిరమణ చేసిన లెక్కల మాస్టారు. ఆ బండ్ల తయారీ 2014లో ఉత్తరపాడా కర్మాగారమున నిలిచిపోయినను, మాస్టారి వాకిట నున్నదానికి ఆ వార్త యింకను చేరినట్లు లేదు.

ఆ కారు వెనుకభాగమును మోయునవి చుట్టస్ప్రింగులు కావు. పొడవున నొకదానికంటె నొకటి తక్కువగా పేర్చి, యూ-బోల్టులతో ఇరుసునకు బిగించిన ఉక్కుపట్టీల కట్టలు. బరువు పడినపుడెల్ల ఆ పట్టీలు ఒకదానిపై నొకటి జారవలెను. నడుమ గ్రీజు ఎండి తుప్పు చేరెనా, పంపకములు తెగని అన్నదమ్ములవలె రాచుకొని గొణుగుట కారంభించును. లేదా కమాను కొసలయందలి రబ్బరు బుష్షులు గట్టిపడి మొరాయించుచుండవచ్చును. ఈ ఇరువురు నిందితులలో దోషి యెవ్వరు? చిక్కేమనగా, బండి ఖాళీగా నున్నంతసేపు ఇరువురును మౌనవ్రతులే. వెనుక సీటు నిండినగాని ఎవ్వరును నోరు విప్పరు.

అందువలన మాస్టారికి హఠాత్తుగా ఔదార్యము పుట్టెను. స్టేషనుకు పోవువారిని, పెండ్లికి పోవువారిని, ఎక్కడికిని పోనివారిని సైతము పిలిచి కారెక్కించుకొనసాగిరి. ఎక్కువాని విద్యతోను వంశముతోను ఆయనకు నిమిత్తము లేదు, తూకమొక్కటియే అర్హత. 80 కిలోలకు లోపువానికి నమస్కారము, మించినవానికి ఆహ్వానము. (ఈ వ్యాసకర్త నమస్కారవర్గమునకు చెందినవాడు, కావున ఇది యెక్కినవారు చెప్పగా వినిన వృత్తాంతము.) లోకము గతుకును తప్పించుటకు స్టీరింగు త్రిప్పును, ఆయన గతుకును వెదకికొని పోయి, దానిపై బండిని మెల్లగా నెక్కించి, “మాటలాపి కాస్త వినండి. కుడివైపా, ఎడమవైపా?” అని యడుగును. ఒకరు కుడి యందురు, ఒకరు ఎడమ యందురు. మర్యాదస్థుడైన మూడవవాడు “రెండువైపులా అండీ” అనును.

వానపడిన దినమున ధ్వని మాయమై, ఎండ కాయగనే మరల వచ్చుట గమనించి మాస్టారు పరీక్ష నొకటి కల్పించిరి. పూలమొక్కలకు నీరు చల్లు స్ప్రేసీసాతో మొదట బుష్షులను తడిపి, ఎదురింటి కాంట్రాక్టరుగారిని, అనగా వీథిలోకెల్ల గురుతరమైన వ్యక్తిని, వెనుక సీటులో లేచి కూర్చుండుమని ప్రార్థించిరి. కిర్రు తగ్గలేదు. పట్టీలను తడిపిరి; కిర్రు చప్పున నోరుమూసికొనెను. ఇంజనాయిలు గుమ్మరింపుమన్న పొరుగువానిని, అది కారి రబ్బరును ఉబ్బించి పాడుచేయునని మందలించి, కారును ఆటోనగరునకు తోలుకొనిపోయిరి. అచ్చట ఖాళీ బండిని నడిపిచూచిన మెకానిక్కు “ఏ చప్పుడూ లేదు సార్” అని సాగనంపగా, మరునాడు కాంట్రాక్టరుగారిని సాక్షిగా వెంటబెట్టుకొనిపోయి, కమానుకట్టలు విప్పించి, వైరుబ్రష్షుతో తుప్పు రాల్పించి, గ్రాఫైటు గ్రీజు పూయించి తెచ్చిరి.

ఇప్పుడు బండి నిశ్శబ్దముగా వచ్చును, పోవును, ఎవ్వరికొరకును ఆగదు. నిన్న ఉదయము పెట్టె చేతబట్టుకొని ఆటోకై నిలిచియున్న కాంట్రాక్టరుగారు, తన్ను దాటి పోవుచున్న మాస్టారిని కేకవేసి యాపి, కిటికీలో తలదూర్చి, “ముందు చక్రాల దగ్గర ఏమైనా చప్పుడుందా మాస్టారూ?” అని మిక్కిలి ఆశతో అడిగిరి.