నిద్రాసూత్రానికి జమ్మికుంట వ్యాఖ్య

అవతారిక

పత్తి సీజన్‌లో జమ్మికుంట మార్కెట్ గేటు ముందు, చాయ్ డబ్బా దగ్గర, తెల్లవారకముందే వినవచ్చే సూత్రమిది. కర్త ఎవరో తేలలేదు. హమాలీలు తమదంటారు, తూకం వేసే దడువాయిలు తమదంటారు. ట్రాలీ మీద పరదా కప్పుకున్న రైతు ఏమీ అనడు. ఆయనకు అప్పుడే కన్నంటుకుంది. ఇంతటి గ్రంథానికి ఇన్నాళ్లూ టీక లేకపోవడం పండితలోకానికి తలవంపు కనుక ఈ సాహసం.

మూలం

“నాలుగు గంటలు పండుకుంటె సాలు. తక్కువవడ్డది ఐతారం తీరుతది. గుర్రు కొడుతుండంటె మంచి నిద్ర వట్టినట్టె.”

ప్రతిపదార్థం

నాలుగు గంటలు = రాత్రి పన్నెండు మొదలు నాలుగు దాకా; పండుకుంటె = నడుము వాల్చినచో; సాలు = చాలును (ఎవరికి అన్నది అధ్యాహారం); తక్కువవడ్డది = నిద్ర బాకీ; ఐతారం = మార్కెట్ బందు గల దినమున; తీరుతది = వడ్డీ లేకుండా చెల్లును; గుర్రు కొడుతుండంటె = గురక పెట్టుచున్నాడనగా; మంచి నిద్ర = పక్కమంచం వారికి కరువైనది.

టీక

“సాలు”: ఇక్కడ పూర్వపక్షి లేచి “ఇరవై ఏండ్ల సంది గట్లనే పంటున్న, నాకేమైంది?” అంటాడు. సమాధానం: 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు కొందరిని రెండు వారాల పాటు రాత్రికి నాలుగేసి గంటలే పడుకోనిచ్చి పరీక్షించారు. చివరికి వారి చురుకుదనం వరసగా రెండు రాత్రులు కన్ను మూయని వారితో సమానంగా పడిపోయింది. అడిగితే మాత్రం కాస్త మబ్బుగా ఉందంతే అన్నారు. కనుక “నాకేమైంది” అన్న ప్రమాణం చెల్లదు. సాక్షికే నిద్ర చాలలేదు. పెద్దవారికి ఏడు గంటలకు తగ్గరాదని అమెరికా నిద్రవైద్యులు 2015లో తేల్చారు. పుట్టుకతోనే తక్కువ నిద్ర సరిపోయే జన్యువున్న మనుషులు 2009లో బయటపడ్డ మాట నిజమే. వారు కూడా ఆరు గంటలకు పైనే పడుకున్నారు.

“తీరుతది”: అడ్తిదారు దగ్గరి బాకీ అయినా పంట చేతికొస్తే తీరుతుంది, ఇది అంత తేలిక కాదు. 2019లో కొలరాడో విశ్వవిద్యాలయం వారు పనిదినాల్లో ఐదు గంటలకు మించి పడుకోనివ్వకుండా, వారాంతంలో మాత్రం ఇష్టమొచ్చినంత పడుకోనిచ్చి చూశారు. మళ్లీ ఐదు గంటలకు దిగేసరికి ఒళ్లు చక్కెరను వాడుకునే తీరు చెడనే చెడింది. ఐతారపు నిద్రతో మబ్బు విడుస్తుంది, లోపలి లెక్క సరికాదు.

“గుర్రు”: గొంతులో దారి ఇరుకై, గాలి తాకిడికి మెత్తటి కండ అదిరితే పుట్టే ధ్వని. ప్రతి గుర్రూ రోగం కాదు. కానీ పెద్దగా కొట్టే గుర్రు ఉన్నట్టుండి ఆగి, కొన్ని క్షణాల తర్వాత ఉక్కిరిబిక్కిరిగా మళ్లీ అందుకుంటే, మధ్యలో ఊపిరే ఆగిందని అర్థం. రాత్రంతా ఇలా ఆగుతూ సాగితే నిద్ర తునకలవుతుంది, రక్తపోటు పెరుగుతుంది. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సలివన్ మాస్కు గుండా గాలి పంపి గొంతు మూసుకోకుండా నిలిపే ఉపాయం కనిపెట్టింది ఇందుకే. ఆ నడిమి నిశ్శబ్దాన్ని గమనించగలిగేది ఇంటామె ఒక్కతే. కనుక డాక్టరు దగ్గరికి ఆమెను వెంట తీసుకుపోవలెను.

పాఠాంతరాలు

(1) “సీసెడు కల్లు తాగి పండుకుంటె” అని ఒక ప్రతి. కల్లుతో కన్ను తొందరగా మూతపడేది నిజం, రాత్రి రెండో సగంలో నిద్ర చెదిరేదీ నిజం. పైగా గొంతు కండరాలు వదులై గుర్రు హెచ్చును.

(2) “మూడో షిఫ్టు దిగి పగటీలి పండుకున్నా ఒకటే” అని గోదావరిఖని ప్రతి. ఒంట్లో గడియారం ఎండను చూసి నడుస్తుంది, సింగరేణి సైరన్‌ను విని కాదు. రాత్రి షిఫ్టు పని క్యాన్సర్‌కు కారణం కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లోనే వర్గీకరించింది.

(3) “ఉత్తరం దిక్కు తలకాయ పెట్టద్దు” అన్నది ప్రక్షిప్తం. వినాయకుడి కథ నుంచి వచ్చి చేరింది. వైద్యంలో దానికి ఆధారం లేదు.

తాత్పర్యం

మీమాంసకులు వాక్యాలను విధి అనీ అర్థవాదమనీ విడదీస్తారు. విధి చేయమని చెబుతుంది, అర్థవాదం చేస్తున్నదాన్ని పొగుడుతుంది. మన సూత్రాన్ని విధిగా తీసుకున్నవారు చెడ్డారు. ఇది శుద్ధ అర్థవాదం. ఎలాగంటే, పత్తిలో తేమ ఎనిమిది శాతం దాటితే ధర కోస్తారు, పన్నెండు దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొననే కొనదు. రాత్రి మంచు పడుతుంది. పరదా అంచు గాలికి లేచినప్పుడల్లా రైతు లేచి, కింద వేలు పెట్టి చూసి, సర్ది మళ్లీ వాలతాడు. అలాంటివాడు “నాలుగు గంటలు సాలు” అంటే, అంతకు మించి దొరకదని భావము. ఆయనకు ఏడు గంటల ఉపదేశం చేసేవారు, బండి నిలిచే చోట పైకప్పు, వచ్చిన రోజే కాంటా ఏర్పాటు చేయించి తర్వాత నోరు విప్పవలెను. ఇది మాత్రం విధి.