తెర హాలువైపు తిప్పండి

రాత్రి పదకొండింటికి మీ వసారాలో ఊరూ పేరూ తెలియని మనిషొకడు కూర్చుని మీ తొమ్మిదో తరగతి పిల్లాడితో గుసగుసలాడుతుంటే ఊరుకుంటారా? చేతికందింది తీసుకుని తరుముతారు. అదే మనిషి ఫోనులోంచి మాట్లాడుతుంటే మాత్రం “ఏదో గేమ్ ఆడుకుంటున్నాడులెండి, పొద్దస్తమానం చదివి అలిసిపోయాడు” అంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

తెనాలిలో తొంభైల మొదట్లో ఎస్టీడీ బూత్ పెట్టి, 2000 తర్వాత దాన్నే నెట్ సెంటర్‌గా మార్చి నడిపినవాణ్ని నేను. పిల్లలు పరాయివాళ్లతో మాట్లాడే దారి మొదట నాలాంటివాళ్ల కొట్లలోనే తెరుచుకుంది. ఆ దారి పక్కన కాపలా ఎవరుండేవారో, ఆ కాపలా ఎప్పుడు లేచిపోయిందో కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా అడుగుతున్నాను.

నా చిన్నతనంలో ఇంటికో పోస్టుకార్డు వస్తే ముందు పోస్ట్‌మాన్ చదివేవాడు, తర్వాత అరుగుమీది తాతయ్య చదివేవాడు, ఆ తర్వాతే అది ఎవరికి రాశారో వాళ్ల చేతికొచ్చేది. వయసొచ్చిన పిల్లలకు చిరాగ్గానే ఉండేది. వీధిలో కొత్త మొహం కనబడితే “ఎవరబ్బాయ్ నువ్వు, ఎవరింటికి?” అని అడగని గడప ఉండేది కాదు. పిల్లలమీద అజమాయిషీ కన్నవాళ్లకు మాత్రమే వదిలేసిన కాలం కాదది.

ఎస్టీడీ బూత్ ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. బయట పసుపు బోర్డు, లోపల అద్దాల క్యాబిన్, దాని నెత్తిన ఎర్ర అంకెల మీటరు, మాట్లాడటం అయ్యాక కిర్రుమంటూ వచ్చే బిల్లు చీటీ. రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ కాబట్టి ఆ వేళకు బయట బెంచీ నిండిపోయేది. క్యాబిన్ తలుపు వేసుకుంటే మాట బయటికి వినబడదు. మొహం మాత్రం కనబడుతుంది. ఆ అద్దం విలువ నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఇంటర్ చదివే అమ్మాయొకతె రోజు మార్చి రోజు వచ్చి ఒకే హైదరాబాదు నంబరుకు చేసేది. మొదట్లో నవ్వుతూ మాట్లాడిన పిల్ల, పోనుపోను కళ్లు తుడుచుకుంటూ బయటికి రావడం మొదలుపెట్టింది. గల్లాపెట్టె దగ్గర కూర్చునే మా ఆవిడ ఒకరోజు చిల్లర ఇస్తూ “ఏమ్మా, అన్నం తిన్నావా?” అని అడిగింది. అంతే, పిల్ల భోరుమంది. సినిమాలో వేషం ఇప్పిస్తానన్నవాడు ఫొటోలు తెప్పించుకుని, ఇప్పుడు ఒంటరిగా రమ్మని బెదిరిస్తున్నాడట. ఆ సాయంత్రమే వాళ్లమ్మకు కబురు వెళ్లింది. మా ఆవిడ చేసిందల్లా మొహం చూడటం, ఒక మాట అడగడం.

నెట్ సెంటర్ రోజులొచ్చాయి. యాహూ చాట్ రూముల్లో ఎక్కడెక్కడివాళ్లో వయసెంత, ఆడా మగా, ఏ ఊరు అని అడిగేవాళ్లు. పిల్లలు సంబరపడిపోయి జవాబులు కొట్టేవాళ్లు. అప్పుడు ప్రభుత్వం నాలాంటివాళ్ల మెడమీద కత్తి పెట్టింది. 2011 ఏప్రిల్‌లో సైబర్ కెఫేలకు నిబంధనలొచ్చాయి. మనిషి మనిషికీ గుర్తింపు కార్డు చూడాలి. కార్డు లేని మైనరు వెంట పెద్దవాళ్లుండాలి. ఎవరు ఏ కంప్యూటర్ దగ్గర ఎంతసేపు కూర్చున్నారో రాసిన రిజిస్టరు ఏడాదిపాటు దాచాలి. కంప్యూటర్ల మధ్య అడ్డుగోడ నాలుగున్నర అడుగులకు మించకూడదు. అడ్డుగోడల మధ్య ఉన్నవి తప్పిస్తే మిగతా తెరలన్నీ అందరూ తిరిగే ఖాళీవైపే తిరిగుండాలి. మైనరు పిల్లల్ని తల్లో తండ్రో పక్కన లేకుండా ఆ అడ్డుగోడల మధ్య కూర్చోబెట్టకూడదు. నేను వడ్రంగిని పిలిచి ప్లైవుడ్ కోయించాను. గిరాకీ పడిపోయింది, తిట్టుకున్నాను కూడా. కానీ ఆ నిబంధన రాసినవాళ్లెవరోగానీ పిల్లల సంగతి ఎరిగినవాళ్లు.

ఆ తర్వాత ఏమైంది? 2016లో జియో వచ్చి డేటా నీళ్లప్రాయమైంది. 2020లో కరోనాకు బళ్లు మూతపడి, ఆన్‌లైన్ క్లాసుల పేరుతో రెండో తరగతి పిల్లకీ ఫోను తప్పనిసరైంది. బళ్లు తెరిచారు గానీ ఫోను వెనక్కి తీసుకున్న ఇల్లు నాకు అరుదుగా కనబడింది. నా కొట్లో నాలుగున్నర అడుగులకు మించి చెక్క ఉంటే తప్పన్నారు. మీ ఇంట్లో పిల్లాడికి తలుపున్న గది, తలుపుకి గడియ, పైన దుప్పటి. అడిగేవాడేడీ?

మా దగ్గరి చుట్టాలింట్లో జరిగింది చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లాడు, బుద్ధిమంతుడు. ఫోనులో జట్టుగా ఆడే ఆట ఒకటి ఆడేవాడు. జట్టులో ఒకడు “నేనూ తొమ్మిదే” అన్నాడు. కొన్నాళ్లు బాగా ఆడాడు, ఆటలో వాడుకునే నాణేలు ఉత్తినే ఇచ్చాడు. తర్వాత “ఇక్కడొద్దు, వేరే యాప్‌లోకి రా” అన్నాడు. అక్కడ ఒక అమ్మాయిని పరిచయం చేశాడు. ఆ అమ్మాయి పేరుతో ఫొటో వచ్చింది, నీదీ పంపమంది. పిల్లాడు పంపాడు. అరగంట తిరక్కుండానే ఆ ఫొటో పక్కన వాడి క్లాసు స్నేహితుల పేర్ల జాబితా పెట్టి తిరిగి పంపారు: రెండు వేలు పంపు, లేకపోతే వీళ్లందరికీ వెళ్తుంది. వాళ్లమ్మ ఫోను పిన్ను పిల్లాడికి తెలుసు, ఎందుకంటే ఇంట్లో రీచార్జీలన్నీ వాడే చేస్తాడు. వేశాడు. మర్నాడు ఐదు వేలన్నారు.

పిల్లాడు తిండి మానేశాడు. తండ్రి మార్కుల బెంగ అనుకున్నాడు, తల్లి కంటిచూపేమోనని డాక్టరు దగ్గరికి తిప్పింది. చివరికి కనిపెట్టింది ఫోను ఎత్తడం తప్ప ఇంకేమీ తెలియని నాయనమ్మ. పక్కలో పడుకోబెట్టుకుని “ఎవరైనా ఏమన్నా అన్నారా నాన్నా?” అని అడిగిందట. అప్పుడు చెప్పాడు.

ఇక తండ్రి చేసిన పని వినండి. పిల్లాడి చెంప పగలగొట్టి, ఫోను నేలకేసి కొట్టాడు. ఆ బెదిరింపులు, ఆ దొంగ పేర్లు, ఆ ఖాతాల ఆనవాళ్లు అన్నీ దాంతోపాటే పోయాయి. తల్లి ఫోనులో బ్యాంకు మెసేజీలు మిగలబట్టి సరిపోయింది, వాటితోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేసి ఫిర్యాదు రాయించాం. ఆ నంబరు ప్రతి ఇంటి గోడమీదా ఉండాలి. డబ్బు పోయిన వెంటనే చేస్తే అది చేతులు మారకముందే బ్యాంకులో ఆపించే వీలుంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆశ తగ్గుతుంది. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్లో పిల్లల అశ్లీల చిత్రాల విషయమైతే పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. పిల్లలే నేరుగా మాట్లాడాలంటే 1098 హెల్ప్‌లైన్ ఉంది, రాత్రీ పగలూ ఎత్తుతారు.

ఇలాంటిది మీ ఇంట్లో జరిగితే, దయచేసి, ముందు పిల్లాణ్ని దగ్గరకు తీసుకోండి. పైసా ఇవ్వకండి. ఇచ్చినకొద్దీ అడుగుతారు, ఇచ్చేవాణ్ని వాళ్లు వదలరు. ఏదీ చెరిపేయకండి, తెరమీద ఉన్నదున్నట్టు స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఆ తర్వాతే బ్లాక్ చేయండి. ఫొటో పాకిపోతుందని భయమైతే టేక్ ఇట్ డౌన్ అని ఒక సేవ ఉంది. తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే అమెరికా సంస్థ 2023 నుంచి ఉచితంగా నడుపుతోంది. ఫొటో మీ ఫోను దాటి పోదు. దాన్నుంచి తయారైన అంకెల గుర్తు ఒక్కటే వెళ్తుంది, ఈ సేవతో చేతులు కలిపిన కంపెనీలు ఆ గుర్తు పట్టుకుని తమ దగ్గర ఆ బొమ్మ కనబడితే తీసేస్తాయి.

“పోలీస్ స్టేషనుకా? పరువుపోదూ?” అన్నారు మా చుట్టాలు కూడా. చట్టం తెలియక పడే భయం ఇది. పిల్లల్ని లైంగిక నేరాలనుంచి కాపాడటానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్లలోపు ఆడపిల్లకీ మగపిల్లాడికీ ఒకేలా వర్తిస్తుంది. పిల్లల మాట వాళ్ల ఇంట్లోనో, వాళ్లు కోరిన చోటో నమోదు చేయాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారే రావాలి, యూనిఫాంలో రాకూడదు. పిల్లల్ని రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. పేరు, బడి, ఇల్లు ఏదీ పత్రికల్లో రాకూడదు. ఇన్ని రక్షణలు రాసి పెట్టి ఉంటే మనం పరువు పట్టుకుని కూర్చుంటే ఎలా?

ఇంతకీ ఆ పిల్లాడు వారంపాటు ఎందుకు చెప్పలేదు? వాణ్నే అడిగాను. “ఫోను లాగేసుకుంటారు తాతయ్యా, కొడతారు” అన్నాడు. రెండూ జరిగాయి. రేపు ఇంకోటి జరిగితే వాడు చెబుతాడా?

మా రోజులన్నీ బంగారమని నేననను. పాడు మనుషులు అప్పుడూ ఉన్నారు, బయటివాళ్లకన్నా ఎక్కువగా అయినవాళ్లలోనే ఉన్నారు. కేంద్ర ప్రభుత్వమే 2007లో 13 రాష్ట్రాల పిల్లల్ని అడిగి నివేదిక అచ్చేసింది, అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు పడ్డామన్నారు, చాలామంది ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పిన పిల్లల్ని “నోర్ముయ్, ఎవరైనా వింటారు” అని వెనకటి తరాలు అణిచేశాయి. అరుగులు, పోస్టుకార్డులు, వీధి కాపలా అన్నీ పోయి, ఆ ఒక్క నోర్ముయ్ మాత్రం ఇప్పటి ఇళ్లకు భద్రంగా చేరింది. ఆనాటిదేదో ఒకటి వదిలేయాలనుకుంటే దాన్ని వదిలేయండి.

ఇప్పటి తల్లిదండ్రులమీద నాకింకా కోపాలున్నాయి. పదేళ్ల పిల్లకు ఇన్‌స్టాగ్రామ్ కావాలంటే, 13 నిండాలని అక్కడ రాసుంటే, పుట్టిన సంవత్సరం మార్చి ఖాతా తెరిచిపెట్టేది ఎవరు? మీరే. ఆ అబద్ధంతో పిల్ల పెద్దవాళ్ల లెక్కలో నమోదవుతుంది. 18 లోపువాళ్ల ఖాతాకు పరిచయం లేనివాళ్లు మెసేజి పెట్టలేకుండా ఇన్‌స్టాగ్రామ్‌వాళ్లే తాళం వేసి ఇస్తున్నారు, 16 లోపైతే ఆ తాళం తీయడానికి మీ అనుమతి కావాలి. అంకె మార్చి ఆ తాళం మీ చేతులతో మీరే తీసేస్తున్నారు. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలంది. ఏ యాప్ ఏమడిగినా చూడకుండా సరేనని నొక్కితే ఆ ఒప్పుదలకు విలువేముంది?

పిల్లకు అన్నం పెట్టేటప్పుడు ఫోను, ఏడిస్తే ఫోను, చుట్టాలొస్తే ఫోను. ఎల్‌కేజీలో చేరిన రోజున యూనిఫాంలో, బ్యాడ్జీతో, వెనకాల బడి బోర్డు కనబడేలా ఫొటో తీసి ఊరంతా చూసేట్టు పెడతారు. పిల్ల పేరు, బడి పేరు, పుట్టినరోజు, ఇంటి గుమ్మం అన్నీ మీరే బయటపెట్టాక, రేపు ఎవడో “మీ నాన్న పంపించాడమ్మా” అని వస్తే ఆ పిల్ల నమ్మక ఏం చేస్తుంది?

చట్టాలు వద్దని కాదు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండనివ్వకూడదని కంపెనీలమీదే బాధ్యత పెట్టారు. మంచిదే, లాభాలు తినేవాళ్లు బరువూ మోయాలి. గూగుల్ ఫ్యామిలీ లింక్ లాంటివి పెట్టుకుంటే పిల్లలు ఏ యాప్ దించుకోవాలన్నా మీ ఫోనులో అనుమతి అడుగుతుంది, రాత్రి ఇన్నింటికి మూసేయమంటే మూసేస్తుంది. పెట్టుకోండి. అయినా మొహం వాడిపోయిందని ఏ యాప్ మీకు చెప్పదు.

మా చుట్టాలింట్లో ఇప్పుడు ఫోన్లన్నీ, తండ్రిదీ సహా, తొమ్మిదింటికి హాల్లో ఫ్రిజ్ మీద చార్జింగుకు పెడుతున్నారు. పిల్లాడు ఆడుకుంటాడు, హాల్లోనే, తెర అందరివైపూ తిప్పి. ఎవరితో ఆడుతున్నాడో నాయనమ్మ అడుగుతుంది, వాడు చెబుతాడు. తండ్రికి ఇబ్బందిగానే ఉంది, రాత్రి పడుకుని చూసే వీడియోలు పోయాయట. పోనివ్వండి.

ఒక్క చిక్కు మాత్రం తెగడం లేదు. ఎనిమిదిన్నరకు బడి వాట్సాప్ గ్రూపులో హోంవర్కు పడుతుంది. అది చూసి రాయాలంటూ ఫోను మళ్లీ పిల్లాడి గదిలోకి పోతుంది. మా పిల్లలు చదివిన రోజుల్లో బడి డైరీ ఉండేది, టీచరు రాసిచ్చేది, తల్లి సంతకం పెట్టేది. పేరెంట్స్ మీటింగుకు పోతే ఈ ఊళ్లో మార్కుల మాటే తప్ప ఇంకో మాట ఎత్తనివ్వరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. అయ్యా హెడ్మాస్టర్లూ, అమ్మా టీచర్లూ, ఆ హోంవర్కు సాయంత్రం గంట కొట్టకముందే డైరీలో రాయించి పంపండి. మేం రోజూ సంతకం పెట్టి పంపుతాం.